ఇయర్ ఎండ్ రివ్యూ ఎలా చదవాలి: ఎస్‌ఎస్‌బీకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

సైన్యంలో అధికారుల్ని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి కాల్ లెటర్ వచ్చిందని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కానీ రక్షణ శాఖ ఏటా డిసెంబర్‌లో ఇచ్చే ఇయర్ ఎండ్ రివ్యూ (ఆ ఏడాది పనుల నివేదిక) మొత్తం బట్టీ పడుతున్నావట. ఆపెయ్యి. అందులో ఉండేవన్నీ గొప్పలే. ఏ శాఖైనా తన గురించి అలాగే రాసుకుంటుంది, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. నువ్వు వెతకాల్సింది ఏం మారింది, ఇంకా ఏం మిగిలింది అన్నదే. ఇచ్చిన అంశం మీద చిన్న ప్రసంగం చేసే లెక్చరెట్‌లో నీకిచ్చేది మూడు నిమిషాలు.

విదేశాలతో చేసే విన్యాసాల పేర్లన్నీ నీకెందుకు? నౌకాదళాల విన్యాసం మిలన్ ఒక్కటి పట్టుకో. 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో అయిదు నౌకాదళాలతో మొదలైంది. 2022లో మన విశాఖకు వచ్చింది. 2024లో సుమారు 50 దేశాలు పాల్గొన్నాయి. అంతమంది వస్తే ఓడలు నిలపడానికి, ఇంధనం నింపడానికి ఎలాంటి రేవు కావాలో ఆలోచించి చెప్పు. బోర్డువాళ్లు చూసేది ఆ ఆలోచననే.

టెక్నాలజీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. విమానవాహక నౌక విక్రాంత్ 2022 సెప్టెంబర్‌లో నేవీలో చేరింది, 76 శాతం స్వదేశీ అని అందరూ చెబుతారు. మిగతా 24 ఏమిటని అడిగితే గదిలో సగం మంది నోళ్లు మూతపడతాయి. దాన్ని నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లు అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ డిజైన్. డెక్ మీది మిగ్-29కే విమానాలు రష్యావి. (విమానాలు ఆ శాతం లెక్కలోకి రావు, కలిపి చెప్పకు.) ఉక్కు మాత్రం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ కలిసి ఇక్కడే తయారు చేశాయి. రెండు వైపులా చెప్పు. ఒక్కటే చెబితే భజనన్నా అవుతుంది, ఏడుపన్నా అవుతుంది.

ఆడపిల్లవి కాబట్టి మహిళల ప్రశ్న నీకు దాదాపు ఖాయం. 2020 ఫిబ్రవరిలో ఆర్మీలో మహిళలకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా అధికారిగా కొనసాగే అవకాశం) గురించి సుప్రీంకోర్టు తీర్పు, 2021లో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్షకు అమ్మాయిలకు అనుమతి, 2025 మే 30న ఆ అకాడమీ ఉన్న ఖడక్‌వాస్లా నుంచి 17 మంది అమ్మాయిలతో తొలి బ్యాచ్. ఆ రోజు బయటికొచ్చిన క్యాడెట్లు మొత్తం 300 పైచిలుకు. "చరిత్రాత్మకం" అని ఊరుకోకుండా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు. దారి తెరిచింది కోర్టు అన్నది కూడా దాచక్కర్లేదు. 2017-18లో తారిణి తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ మహిళా అధికారుల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అడిగితేనే చెప్పు. మనవాళ్లని నువ్వే ఎత్తుకుంటే అతిగా ఉంటుంది.

పర్యావరణం భాగం సాధారణంగా పలచగా ఉంటుంది. నాటిన మొక్కల లెక్క జోలికి పోకు. 1982లో మొదలైన టెరిటోరియల్ ఆర్మీ (సైన్యానికి తోడుండే స్వచ్ఛంద దళం) ఎకో బెటాలియన్, సున్నపురాయి తవ్వకాలతో బోడిగా మారిన ముస్సోరీ కొండల మీద మళ్లీ చెట్లు పెంచింది. అందులో పనిచేసింది ఎక్కువగా మాజీ సైనికులు. ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలియనిది అడిగితే "తెలియదు సార్" అనెయ్యి. టెన్షన్‌లో కల్పించావంటే తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. టాపిక్ నేనిస్తాను. ఆలోచించుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి మూడు. వాచీ పెట్టుకుని వింటాను. మీ నాన్నని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకు, మధ్యలో అందిస్తాడు.

మీ మావయ్య