అరవై పెంచాడా, అరవైకి పెంచాడా?

సందేహం: పోకర్ నియమాలను తెలుగులో రాస్తున్నాను. ‘రైజ్’ను ఒకచోట ‘60 పెంచాడు’ అనీ, మరోచోట ‘60కి పెంచాడు’ అనీ రాశాను. రెండూ ఒకటేనా? ‘కాల్’ను ‘పిలవడం’ అనవచ్చా? పందెం, పణం ఒకే అర్థమిస్తాయా?

సమాధానం: ఒకటి కావు. ఆ ‘కి’ పోతే బల్ల మీద లెక్కే మారిపోతుంది. పోకర్‌లో ఒక రకమైన టెక్సస్ హోల్డెమ్‌లో ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే బ్లైండ్లు 10, 20 అనుకుందాం. ‘60కి పెంచాడు’ అంటే అతని మొత్తం 60, 20 మీద పెంపు 40. ‘60 పెంచాడు’ అంటే 20 మీద మరో 60, మొత్తం 80. తర్వాత పెంచేవాడి పెంపు అంతకుముందు పెంపు కంటే తగ్గకూడదు కాబట్టి, మొదటి వాక్యాన్ని బట్టి అతడు కనీసం 100కి, రెండోదాన్ని బట్టి 140కి వెళ్లాలి. టమాటా కిలో 60 పెరగడానికీ, 60కి పెరగడానికీ ఉన్న తేడాయే ఇది. వ్యాకరణం షష్ఠిలో చేర్చిన ఈ ‘కి’ ఇక్కడ చేరిన హద్దును చెబుతోంది.

‘కాల్’కు ‘పిలవడం’ బొత్తిగా కుదరదు. పందెం 60కి చేరాక, 20 పెట్టినవాడు మరో 40 వేసి ఎదుటివాడితో సమం చేస్తాడు. ‘పందెం సరిపెట్టాడు’ అనండి. ‘సరిపెట్టుకున్నాడు’ అంటే మాత్రం ఉన్నదాంతో సర్దుకున్నాడని అర్థం! ‘ఫోల్డ్’కు ‘ముక్కలు పడేశాడు’ చక్కగా సరిపోతుంది. అలా తప్పుకున్నవాడు ముందు 10 బ్లైండ్ పెట్టి ఉంటే అది తిరిగి రాదు.

‘బ్లైండ్’ను అలాగే ఉంచి, ఒక వాక్యంలో వివరించండి. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. పోకర్‌లో బ్లైండ్ పెట్టినవాడు పంచిన తర్వాత తన ముక్కలు చూసుకోవచ్చు. కాబట్టి ‘గుడ్డి పందెం’ అంటే పేకాట తెలిసినవారే ముందు పొరబడతారు.

ఇక పందెం ఒప్పందం, పణం అందులో పెట్టిన వస్తువు. గుర్రం తోక రంగు మీద వినతా కద్రువలు వేసుకున్నది పందెం. అందులో పణం దాస్యం. ధర్మరాజు ద్రౌపదిని పణంగా ఒడ్డాడు అంటాం కానీ ‘కాశాడు’ అనం. కాయడం వేరొకరి ఆట మీద: కోడిపందేల బరి చుట్టూ పైపందేలు కాసేవారి డబ్బు తమదే, కోడి మాత్రం వేరొకరిది. పోకర్‌లో ముక్కలూ డబ్బూ రెండూ తనవే కనుక ‘ఆల్ ఇన్’కు ‘ఉన్నదంతా ఒడ్డాడు’ నాకు నచ్చిన మాట. అలా ఒడ్డినవాడి దగ్గర 45 మాత్రమే ఉంటే, గెలిచినా ఒక్కొక్కరి నుంచి 45కు మించి రాదని కూడా అక్కడే రాయండి.