చాక్‌పీసుతో రాసిన 55

కడప,
28 అక్టోబరు 2024

అమ్మా,

ఆశీస్సులు. బాస్కెట్‌బాల్ ఆటగాడు డికెంబే ముటొంబో మీద నువ్వు రాసిన నివాళి వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ముటొంబో కోసం, రెండోసారి నీ కోసం. దానితో పాటు పెట్టిన చీటీలో ఒక ప్రశ్న అడిగావు. ఎక్కడో ఆఫ్రికాలో, కాంగో దేశపు కిన్షాసాలో పుట్టి, అమెరికాలోని అట్లాంటాలో కన్నుమూసిన మనిషి కోసం, ఒక్కసారైనా ఎదురుగా చూడని మనిషి కోసం, అనంతపురంలో కూర్చుని ఏడ్చే హక్కు మాకుందా అని. వ్యాసం సంగతి తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఉందమ్మా. 2009 జూన్‌లో ఫాదర్ ఫెర్రర్ పోయినప్పుడు నేను అనంతపురంలోనే ఉద్యోగం చేస్తున్నాను. బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, పేదల కోసం ఆర్డీటీ అనే సేవాసంస్థను నడిపి, చివరికి ఆ మట్టిలోనే కలిసిపోయిన మనిషి ఆయన. ఒక పత్రికవాళ్లు అడిగితే ఆ రాత్రే నివాళి రాసి ఇచ్చాను. శోకసముద్రం, తీరని లోటు, రాలిపోయిన ధ్రువతార, అన్నీ వేశాను. తర్వాత అంత్యక్రియలు జరిగే బత్తలపల్లి వెళ్లి జనం మధ్య వరుసలో నిలబడ్డాను. నా ముందు నడివయసు ఆమె ఒకరు ఉన్నారు. కొంగుకు ఒక తాళంచెవి ముడి వేసుకుంది. వరుస కదిలినప్పుడల్లా ఆ ముడిని తడిమి చూసుకుంటోంది. అడిగితే చెప్పింది, అది ఆర్డీటీ కట్టించిన ఇంటి తాళమట. ఇల్లు తన పేరు మీదే ఉందట, భర్త పేరు మీద కాదట. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. నేను ఇంటికి వచ్చేసరికి నా వ్యాసం అచ్చయి ఉంది. చదివినవాళ్లంతా బాగుందన్నారు. అందులో ఆ తాళంచెవి లేదు. పదిహేనేళ్లు గడిచాయి, ఆ వ్యాసాన్ని నా పుస్తకాల్లో దేనిలోనూ చేర్చలేకపోయాను.

ముటొంబో నీకు ఇల్లు కట్టించలేదు, నిజమే. కానీ నీ కొంగుకూ ఒక తాళంచెవి ఉంది. దాన్ని తొమ్మిదో పేరాలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. ఎనిమిదో తరగతిలో నువ్వు అందరికంటే పొడుగు. తాటిచెట్టు అని పిలిచేవారు. బంతిని రింగులో వేయడం ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. అప్పుడు మీ పీఈటీ సార్ తన ఫోనులో ముటొంబో ఆట చూపించి, వేయడం రాకపోతే పోనీ, అవతలివాళ్లను వేయనివ్వకు అన్నారు. ఇంతే రాశావు. తర్వాతి వాక్యంలో అతను ఆడిన డెన్వర్ జట్టు దగ్గరికి వెళ్లిపోయావు.

అంత తొందరెందుకమ్మా? అక్కడే ఆగవలసింది. ఆ మాట విన్న మర్నాడు కోర్టులోకి ఎలా నడిచావు? అంతవరకు భుజాలు వంచుకుని నడిచే అలవాటు ఉండేదా? మొదట ఆపిన బంతి ఎవరిది? అరచేతికి అది తగిలినప్పుడు ఎలాంటి చప్పుడు వచ్చింది? తాటిచెట్టు అని పిలిచినవాళ్లలో ఎవరైనా ఆ రోజు అక్కడ ఉన్నారా? ముటొంబో చివరి ఆట ఆడిన 2009 ఏప్రిల్‌లో నీకు ఏడేళ్లని నువ్వే చెప్పావు. అంటే అతను ఆడుతుండగా నువ్వు చూడనే లేదు. ఆట వదిలేసి వెళ్లిపోయిన మనిషి, ఆరేళ్ల తర్వాత ఒక చిన్న ఫోను తెరలోంచి వచ్చి, నీ ఎత్తును నీకు ఇష్టమయ్యేలా చేశాడు. మీరు ఏడ్చింది దానికోసమే అనుకుంటున్నాను. అది ఇంకెవరూ రాయలేరు. అతని జీవితచరిత్ర రాయగలవాళ్లు వేలమంది ఉన్నారు.

బాస్కెట్‌బాల్‌లో చప్పట్లన్నీ బంతి రింగులో పడినప్పుడే. ముటొంబో ఆ చప్పట్లను, బంతి పడకుండా ఆపినవాడి వైపు తిప్పాడు. పైకి లేచిన బంతిని గాలిలోనే తట్టేసి, చూపుడు వేలు అటూ ఇటూ ఊపేవాడు. ఆ సైగకు మనకు అనువాదం అక్కర్లేదు. బెల్లం డబ్బా మీద చేయి వేసిన మనవరాలికి అవ్వ చూపించేదీ అదే వేలు. అతనికి తొమ్మిది భాషలు వచ్చని చెబుతారు. నీ వ్యాసంలో ఆ తొమ్మిది భాషల ప్రస్తావన ఉంది గానీ అవ్వ వేలు లేదు. చేర్చు.

ఇక సెప్టెంబరు 30 రాత్రి. కబురు తెలియగానే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఏడుగురు కలిశారని రాశావు. మీ సార్ మోకాళ్ల నొప్పితోనే వచ్చి, రింగు కింద సిమెంటు నేల మీద చాక్‌పీసుతో 55 అని రాశారు. అది అతని చొక్కా మీది అంకె. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక కుర్రాడు బంతి విసిరాడు. ఆపడానికి ఎవరూ లేవలేదు. బంతి రింగుకు తగిలి దొర్లుకుంటూ గోడదాకా పోయింది. సార్ మెల్లగా వేలెత్తి అటూ ఇటూ ఊపారు. ఇంత గొప్ప దృశ్యాన్ని కళ్లతో చూసి, దాని మీద ‘స్థానిక అభిమానులు ఘన నివాళి అర్పించారు’ అని ఒక అట్ట కప్పి చివరి పేరాలో పెట్టావు. ఆ అట్ట తీసేయి. వ్యాసం ఆ రింగు కింద మొదలుకావాలి.

మన ఊళ్లలో పరామర్శకు వెళ్లినవాళ్ల మాటలు ఎప్పుడైనా గమనించావా? పోయినవాడు మహానుభావుడని ఎవరూ మొదలుపెట్టరు. మొన్న సంతలో కనిపించాడే అంటారు. ఏమి తిన్నాడు, రాత్రి నిద్రపోయాడా, ఆఖరున ఎవరిని అడిగాడు అని ఆరా తీస్తారు. అందరికీ తెలిసిన విషయాన్నే మళ్లీ మళ్లీ చెప్పించుకుంటారు. దుఃఖానికి పట్టుకోవడానికి చిన్న చిన్న వస్తువులు కావాలి. నివాళి రాసే ముందు ఒక గంటసేపు ఆ అరుగు మీద కూర్చున్నట్టు కూర్చో. నేను ఎంతో ఆలస్యంగా నేర్చుకున్నాను, నీకు ఇప్పుడే చెబుతున్నాను.

లెక్కల దగ్గర జాగ్రత్త. 3,289 బ్లాకులు, అంటే రింగు వైపు వెళ్లే బంతిని అన్నిసార్లు ఆపడం, ప్రపంచంలోనే అత్యధికం అని రాశావు. కాదు. అతను ఆడిన అమెరికా లీగు ఎన్‌బీఏ పట్టికలో 3,830తో ఒలాజువాన్ ముందున్నాడు, ముటొంబోది రెండో స్థానం. అది కూడా బ్లాకుల లెక్క రాయడం మొదలైన 1973-74 సీజను నుంచి మాత్రమే. అంతకుముందు ఆడిన బిల్ రసెల్ ఎన్ని బంతులు ఆపాడో ఆ పట్టిక చెప్పలేదు. రెండోవాణ్ణి మొదటివాడని రాస్తే అతని గౌరవం పెరగదు, తెలిసిన పాఠకుడికి నీ కన్నీళ్ల మీద కూడా అనుమానం వస్తుంది.

1994 నాటి ఆట గురించి రాసిన పేరా మాత్రం ఒక్క అక్షరం మార్చవద్దు. 63 ఆటలు గెలిచి అగ్రస్థానంలో ఉన్న సియాటిల్ జట్టు మీద, ఎనిమిదో స్థానంలో ఉన్న డెన్వర్ మొదటి రెండూ ఓడి, తర్వాత మూడూ గెలవడం. ఆఖరున అతను నేల మీద వెల్లకిలా పడి, రెండు చేతులతో బంతిని ముఖం మీదికి ఎత్తి పట్టుకుని నవ్వడం. ఏడడుగుల రెండంగుళాల మనిషి పసిపిల్లవాడిలా కనిపించాడని రాశావు. అక్కడ నువ్వు అభిమానివి, రచయిత్రివి కూడా. దాని తర్వాత పేర్చిన పురస్కారాల జాబితా ఆ పేరాను నొక్కేస్తోంది. అందులోంచి నాలుగుసార్లు ఉత్తమ డిఫెండరుగా ఎంపికైన సంగతి ఒక్కటి ఉంచు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. నివాళి రాసేవాళ్లకు అంతకంటే పెద్ద హెచ్చరిక లేదు. ఆ వేలు ఊపడం ప్రత్యర్థులకు అవమానంగా ఉండేది. లీగు నిబంధన మార్చింది, ఎదుటి ఆటగాడి ముఖం మీద ఊపితే ఫౌలు. అప్పటి నుంచి అతను ప్రేక్షకుల వైపు తిరిగి ఊపేవాడు. 1997లో మైకేల్ జోర్డాన్ అతని మీదుగానే బంతిని రింగులోకి కొట్టి, అదే వేలు అతనికే చూపించాడు. ఇవి నీకు తెలుసు, అయినా వదిలేశావు. పోయిన మనిషిని తక్కువ చేసినట్టవుతుందని భయపడి ఉంటావు. రాయి. ఓడిన రోజు కూడా తెలిసిన మనిషి కోసమే మనకు ఎక్కువ దుఃఖం వస్తుంది.

‘ఎన్ని బంతులు ఆపినా మృత్యువును ఆపలేకపోయాడు’ అన్న వాక్యం కొట్టేయి. అది మొదట తోచే వాక్యం, అందరికీ తోచే వాక్యం. మెదడులో కణితితో రెండేళ్లు బాధపడి 58 ఏళ్లకే పోయిన మనిషి గురించి చమత్కారం వద్దు.

అతని తల్లి గురించి రాసిన భాగం నన్ను కదిలించింది, కానీ నువ్వు మధ్యలో అడ్డు వచ్చావు. ఆమె జబ్బుపడినప్పుడు కిన్షాసాలో కర్ఫ్యూ, ఆసుపత్రికి చేర్చే దారి లేకపోయింది. అంతకు చాలా ముందు, 1987లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు అతను డాక్టరు కావాలనుకున్నాడు. 2007లో కిన్షాసాలోనే 300 పడకల ఆసుపత్రి తెరిపించి తల్లి పేరు పెట్టాడు, బియాంబా మేరీ ముటొంబో అని. కట్టడానికి అయిన ఖర్చులో పెద్ద భాగం అతని సొంత డబ్బే. ఈ మూడు సంగతులనూ పక్కపక్కన పెట్టి ఊరుకో. మానవసేవే మాధవసేవ అన్న నీ పేరా లేకపోతే, బత్తలపల్లిలో ఫెర్రర్ సంస్థ ఆసుపత్రి ముందునుంచి బస్సులో వెళ్లే అనంతపురం పాఠకుడు మిగతాది తానే అనుకుంటాడు.

ఇంకొకటి, ఇది మన భాషలోనే వచ్చే చిక్కు. వ్యాసం సగం వరకు ‘అతను’ అని రాసి, మరణవార్త రాగానే ‘ఆయన’ చేశావు. ‘తుదిశ్వాస విడిచారు’ అన్నావు. ఆ ఒక్క మార్పుతో నీ ఆటగాడు నీ దగ్గరనుంచి లేచి వెళ్లి గోడ మీద పటంలో కూర్చున్నాడు. అతన్ని అతనుగానే ఉంచు. చనిపోయాడు అన్న మాటలో అమర్యాద లేదు. మీ సార్ ఆ రాత్రి, ‘వాడు లేకపోతే నేను మీకు ఏం నేర్పించేవాణ్ణి’ అన్నారని చీటీలో చెప్పావు. వ్యాసంలోకి వచ్చేసరికి ఆ ‘వాడు’ను దిద్ది ‘ఆయన’ చేశావు. నలభై ఏళ్లు పిల్లల చేత బంతి ఆడించిన మనిషి నోట ఆ ‘వాడు’ ఎంత ప్రేమతో వచ్చిందో నాకు ఇక్కడికి వినిపిస్తోంది. ఆయన మాట ఆయనకు తిరిగి ఇచ్చేయి.

పత్రికకు పంపే తొందర వద్దు. నెల కావస్తోంది కదా, పాతబడిపోతుందేమో అని రాశావు. వార్త పాతబడుతుంది. మీ ఏడుగురు ఆ రాత్రి నిలబడిన తీరు వార్త కాదు. ఒకసారి ఆ మైదానానికి పగటిపూట వెళ్లిరా. ఈ నెలలో వానలు పడ్డాయి. సార్ రాసిన ఆ 55 చెరిగిపోయిందా, లేక ఎవరైనా మళ్లీ దిద్దారా? చూసి నాకు రాయి. సార్ మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా అడిగానని చెప్పు.

ఉంటాను.