మెదడే ముందు నిర్ణయిస్తే సిగరెట్ మానడం నా చేతిలో ఉందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను. మూడుసార్లు సిగరెట్ మానేసి మళ్లీ మొదలుపెట్టాను. మనకు తెలియకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ఈమధ్య ఒక వీడియోలో విన్నాను. అదే నిజమైతే ఇక ప్రయత్నించి లాభమేమిటి?

సమాధానం: ఆ వాదనకు మూలం అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం. గడియారంలా తిరిగే వెలుగు చుక్కను చూస్తూ, తోచినప్పుడు మణికట్టు కదిలించి, ఆ తలపు కలిగిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పమన్నారు. కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలవగా, కదిలించాలన్న ఎరుక 200 మిల్లీసెకన్ల ముందు మాత్రమే కలిగింది.

అయితే ఆ సంకేతమే నిర్ణయమని చెప్పలేం. పదుల రికార్డులను కలిపి సగటు తీస్తేనే అది స్పష్టంగా తేలుతుంది. మెదడులో నిరంతరం ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చేయి కదులుతుందని, కదలిక నుంచి వెనక్కి సగటు తీయడం వల్లే అవి ముందస్తు సన్నాహంలా కనిపిస్తాయని 2012లో ఆరన్ షుర్గర్ బృందం వివరించింది. నాకు ఇదే సబబనిపిస్తుంది. 2008లో స్కానింగ్‌తో కొన్ని సెకన్ల ముందే ఎంపికను ఊహించారన్న మాట నిజమే కానీ, కుడి, ఎడమ బటన్ల మధ్య ఆ ఊహ సరిపోయింది సుమారు 60 శాతమే. ఊరికే చెప్పినా సగం సరిపోతాయి.

పైగా మణికట్టు ఇప్పుడు కదిలినా, మరుక్షణం కదిలినా ఎవరికీ పోయేదేమీ లేదు. మీ నిర్ణయానికి కారణాలున్నాయి, బహుశా ఇంట్లో ఎదురుచూసే మనుషులూ ఉన్నారు. ఇరానీ చాయ్ కప్పు బల్ల మీదికి రాగానే చేయి చొక్కా జేబులోకి వెళ్లడం ఏళ్ల తరబడి నికోటిన్ పెంచిన అలవాటు. మీరు గమనించేసరికి పెట్టె బయటికి వచ్చేసి ఉంటుంది. ఆ అరసెకనులో అలవాటుతో తలపడి గెలవడం చాలా కష్టం కాబట్టి, మీ సంకల్పాన్ని ముందురోజు రాత్రే వాడుకోండి: జేబులో పెట్టె లేకుండా బయల్దేరండి, కొన్ని వారాలు ఆ హోటల్ వైపు వెళ్లకండి, మీతో కాల్చే స్నేహితులకు ముందే చెప్పండి.

మూడుసార్లు తిరగబెట్టడం చాలామందిలో చూస్తాం, అది మనోబలం లేకపోవడం కాదు. నికోటిన్ గమ్, ప్యాచ్ వంటివి మానేసేవారి అవకాశాలను పెంచుతాయి. ప్యాకెట్ మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కౌన్సెలింగ్ పొందవచ్చు. డాక్టరును కలిసినప్పుడు, ఉదయం నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారో తప్పక చెప్పండి. గమ్ మోతాదు చాలావరకు దాన్ని బట్టే నిర్ణయిస్తాం.