బుడమేరు నీళ్లు తాగిన చేతక్

పాత బండ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు 1984లో కొన్న బజాజ్ చేతక్ స్కూటరు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్‌లోని మా ఇంటి సెల్లారులో అది హ్యాండిల్ దాకా మునిగి, కొన్ని రోజులపాటు నీళ్లలోనే ఉండిపోయింది. తరవాత పైపైన కడిగి మూలన పెట్టాం. ఇప్పుడు కిక్ రాడ్డు మీద నిలబడినా దిగడం లేదు. ఇంజను పట్టేసింది, పాత ఇనుముకు ఇచ్చేయమని ఒకరన్నారు. ప్లగ్గు తీసి డీజిల్ పోసి, రెండో గేరులో వేసి తోస్తే అదే వదులుతుందని మరొకరన్నారు. నాకు పానాలు పట్టడం కొద్దోగొప్పో వచ్చు. ఇంట్లోనే విప్పి బాగుచేసుకోగలనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేసుకోగలరు. అయితే ఆ రెండో సలహా ఇచ్చినవారు మీ మేలు కోరే ఇచ్చి ఉంటారు గానీ, దయచేసి గేరులో వేసి తోయడం మాత్రం చేయకండి. ఇంట్లో పొడిగా పడి ఉండి తుప్పుతో పట్టేసిన ఇంజనుకైతే ఆ వైద్యం ఒక్కోసారి పనిచేస్తుంది. వరద నీళ్లు తాగిన ఇంజను సంగతి వేరు. అందులో తుప్పు ఒక్కటే కాదు, ఒండ్రు కూడా ఉంటుంది.

మీ చేతక్ ఇంజను రెండు స్ట్రోకులది, 145.45 సీసీ, బోరూ (సిలిండరు లోపలి వెడల్పు) స్ట్రోకూ (పిస్టను కదిలే దూరం) రెండూ 57 మిల్లీమీటర్లే. ఇప్పటి నాలుగు స్ట్రోకుల బండ్లలో మాదిరిగా దీని క్రాంకు (పిస్టను కదలికతో తిరిగే ఇరుసు) గదిలో నూనె నిల్వ ఉండదు. పెట్రోలులో కలిపిన 2టీ ఆయిలే కార్బురేటర్ నుంచి ఆ గదిలోకి ఆవిరిలా వచ్చి, బేరింగులనూ, పిస్టనునూ క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్డు కింది కన్నునూ తడిపి, ఆ తరవాతే పైకి వెళ్లి మండుతుంది. పెట్రోలు మిశ్రమం వచ్చిన ఆ దారినే మీ ఇంట్లోకి వచ్చిన బురద నీరు కూడా ఇంజను లోపలికి వెళ్లింది. నీరు ఎండిపోయింది గానీ ఒండ్రు మాత్రం గది అడుగున క్రాంకు చుట్టూ పేరుకుని ఉంటుంది. పైగా ఈ ఇంజనులో మిశ్రమాన్ని లోనికి వదిలే తలుపు వేరే ఏదీ కాదు, క్రాంకు తాలూకు ఇనప చక్రమే. అది అల్యూమినియం కేసింగులోని ఒక నున్నటి మెట్టుకు వెంట్రుకవాసి దూరంలో తిరుగుతూ, తన అంచుతో దారిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఒండ్రు ఉండగా బండిని తోశారంటే ఆ మెట్టు మీద గీతలు పడతాయి. గీతలు పడిన కేసింగులో మిశ్రమం నిలవదు, కార్బురేటర్ నుంచి వెనక్కి చిమ్ముతుంది, బండి స్టార్టు కావడానికే మొరాయిస్తుంది. బోరు పాడైతే లేత్ షాపులో మళ్లీ పట్టించుకోవచ్చు (కాస్త పెద్దదిగా కోయించుకోవచ్చు) గానీ, ఆ మెట్టు పాడైతే అంత తేలిగ్గా బాగుపడదు. అందుకే ఇంజను విప్పి చూసేదాకా దాన్ని వీలైనంత తిప్పకుండా ఉంచడమే మీరు చేయగల మొదటి మంచి పని.

ముందు పట్టేసింది ఏదో తేల్చుకోండి. కిక్ దిగనంత మాత్రాన పిస్టనే పట్టేసిందనుకోనక్కరలేదు. ఈ ఇంజనులో కిక్ బలం గేరు బాక్సు నుంచి క్లచ్ మీదుగా క్రాంకుకు అందుతుంది కాబట్టి, క్లచ్ పట్టి ఉంచి కిక్ రాడ్డును చేత్తో నెమ్మదిగా నొక్కి చూడండి. అప్పుడు దిగితే కిక్కూ గేర్లూ బాగానే ఉన్నాయి, చిక్కు క్రాంకు వైపో పిస్టను వైపో ఉంది. అప్పుడూ దిగకపోతే కిక్ పళ్లే తుప్పు పట్టి ఉండవచ్చు, లేదా క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండవచ్చు. గేరు ఆయిలు బోల్టు విప్పితే వచ్చేది పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు అక్కడికీ చేరినట్టే.

ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిల్‌లో నాలుగో వంతు ఎసిటోన్ కలిపి పోసి, వారం రోజులు వదిలేయండి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి ఈ పని వంటింటి దగ్గర పెట్టుకోవద్దు. అదే సమయంలో ఇంజనును చాసిస్‌కు పట్టి ఉంచే పొడుగాటి బోల్టు రెండు చివర్లకూ తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ ఉండండి. ఎందుకంటే నా అనుభవంలో చాలా ఇళ్లలో పని ఆగిపోయేది పిస్టను దగ్గర కాదు, ఆ బోల్టు దగ్గరే. గేరు కేబుళ్లు రెండూ, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు, చోకు కేబుళ్లూ, పెట్రోలు పైపూ, వైర్లూ విప్పి, వెనక షాకబ్జర్ బోల్టు తీస్తే ఇంజను చక్రంతో సహా కిందికి వస్తుంది. ప్రతి వైరుకూ రంగు రాసిన కాగితం చుట్టి, ఫోనులో ఫొటో తీసుకోవాలి. ఇది చాదస్తమనిపిస్తుంది గానీ, నెల తరవాత మళ్లీ బిగించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంజను పట్టేసినందువల్ల కలిగే లాభం ఒకటే ఒకటి ఉంది. మాగ్నెట్ (క్రాంకు చివర ఉండి కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) నట్టూ క్లచ్ నట్టూ విప్పేటప్పుడు క్రాంకు తిరిగిపోకుండా పట్టుకునే సాధనం వేరే అక్కరలేదు. కాబట్టి పిస్టను వదలకముందే ఆ రెండూ విప్పేయండి. మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత బజాజ్ ఇంజన్లలో నట్టు మీద సర్‌క్లిప్ (తీగ రింగులాంటి లాకు) ఉంటే, ఆ నట్టు విప్పుతున్న కొద్దీ మాగ్నెట్ దానంతటదే బయటికి వస్తుంది. సర్‌క్లిప్ లేకపోతే పుల్లర్ వాడాలి తప్ప సుత్తి కాదు. లోపలి కాయిల్ ప్లేటు తీసేముందు కేసింగు మీదికి కలిసేలా ఒక గీత గీసుకోండి, టైమింగు మళ్లీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇక అసలు పట్టు. కార్బురేటర్ తీసిన రంధ్రం గుండా కిరసనాయిలు పోసి, ఇంజనును తలకిందులు చేసి వంచడం నాలుగైదుసార్లు చేస్తే చాలా ఒండ్రు ముందే బయటికి వచ్చేస్తుంది. తరవాత హెడ్డు నాలుగు నట్లూ తీయండి. పిస్టను బోరులో ఎక్కడ ఆగి ఉందన్న దాన్నిబట్టి ఉపాయం మారుతుంది. అది కిందో మధ్యలోనో ఆగి, క్రాంకు మాత్రం స్వేచ్ఛగా ఉంటే బ్లాకునే (సిలిండరునే) పిస్టనుతో సహా పైకి లాగవచ్చు. క్రాంకు నెమ్మదిగా తిరిగి పైకి వస్తుంది, బ్లాకు అడుగున పిస్టను పిన్ను కనబడుతుంది. అప్పుడు లాకు తీసి, పిన్ను నెట్టేసి, బ్లాకునూ పిస్టనునూ కలిపి బల్ల మీదికి తెచ్చుకుంటే మిగతా పని తీరిగ్గా చేసుకోవచ్చు. పిస్టను పూర్తిగా పైనే ఆగి ఉంటే బ్లాకు లేవదు. అప్పుడు 55 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా చెక్కిన టేకు ముక్కను పిస్టను మీద ఆనించి, చెక్క మీద తట్టాలి. ఇనప కడ్డీ పెట్టి కొడితే పిస్టను తల చిల్లు పడుతుంది.

వేడి చేసే విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. బ్లాకు పోత ఇనుము, పిస్టను అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజను మొత్తాన్ని తీరిగ్గా కాచారనుకోండి, లోపలి పిస్టనే ఎక్కువ ఉబ్బి పట్టు ఇంకా బిగుస్తుంది. అందువల్ల వేడి బయట బ్లాకుకు మాత్రమే, అదీ త్వరగా తగలాలి. పోసిన డీజిలూ ఎసిటోనూ పూర్తిగా తుడిచేశాక, కెటిల్లో కాచిన మరిగే నీళ్లు బ్లాకు రెక్కల మీద పోసి, వెంటనే తట్టి చూసి, చల్లారనిచ్చి, మళ్లీ పోయాలి. ఒక్కసారికి వదలకపోయినా, వేడెక్కడం చల్లారడం మధ్య రెండు లోహాలూ వేరువేరుగా కదలడం వల్ల తుప్పు పట్టు కొంచెం కొంచెంగా విడుతుంది. పెయింటర్లు వాడే బ్లో ల్యాంపు మంట పెట్టవద్దు.

ఒక హెచ్చరిక, నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నది. బ్లాకు కదలడం మొదలయ్యాక ఆత్రంలో అటూ ఇటూ మెలితిప్పుతూ లాగుతాం. అలా మెలితిప్పినప్పుడు పిస్టను రింగు కొస బోరు గోడలోని పోర్టు కిటికీలో (మిశ్రమమూ పొగా వెళ్లే రంధ్రంలో) చిక్కుకుని విరుగుతుంది. నా మొదటి ఇంజనులో విరిగిన ముక్క బోరును పైనుంచి కిందిదాకా చీరేసింది. నిటారుగా లాగండి, అంతే.

బ్లాకు వచ్చేశాక చాలామంది బోరు కాస్త రుద్ది, కొత్త రింగులు వేసి బిగించేస్తారు. మీ ఇంజనుకు అది చాలదు, కేసింగు రెండు సగాలూ విడదీయాల్సిందే. క్లచ్ వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, చుట్టూ ఉన్న బోల్టులు తీసి, రబ్బరు సుత్తితో తడుతూ మాగ్నెట్ వైపు సగాన్ని పైకి ఎత్తండి. జాయింటులో స్క్రూ డ్రైవర్ దూర్చి తిరగేస్తే పడే గాటు మీకు జీవితాంతం నూనె కారుస్తుంది. గేర్ల గుత్తి లోపల సూదుల్లాంటి విడివిడి నీడిల్ రోలర్లు ఉంటాయి, కింద తెల్ల గుడ్డ పరచుకోండి. కడగడానికి కిరసనాయిలో డీజిలో వాడండి గానీ కాస్టిక్ సోడా మాత్రం కేసింగును ముట్టకూడదు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. సైలెన్సరులోని మసికైతే అది పనికొస్తుంది.

నీళ్లు తాగిన బేరింగులు కడిగాక బాగానే తిరిగినట్టు కనిపించినా అన్నీ మార్చేయండి. కనెక్టింగ్ రాడ్డును నిటారుగా పట్టి పైకీ కిందికీ కదిపి చూస్తే కింది కన్నులో ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే. ఆట ఉన్నా, గరగరలాడినా క్రాంకును ఆటోనగర్‌లో ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు తీసుకువెళ్లి రాడ్డు కిట్టు మార్పించండి. ఇది ఇంట్లో జరిగే పని కాదు. బ్లాకుదీ అదే దారి. రింగులు తిరిగే చోట గోటికి తగిలే తుప్పు గుంట ఒక్కటున్నా బోరు పట్టించాల్సిందే. పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల మెట్లుగా పెద్ద సైజుల్లో దొరుకుతాయి. ముందు పిస్టను కొని, దాన్ని బ్లాకుతోపాటు షాపుకు ఇచ్చి, ఆ పిస్టనుకు తగ్గట్టే బోరు పట్టమనండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు పోర్టు కిటికీల అంచుల మీద వేలు పెట్టి చూడండి. కత్తి అంచులా ఉంటే కొద్దిగా మొద్దుబార్చమని అడగండి, రద్దీ ఉన్న షాపుల్లో ఇది తరచుగా మరచిపోతారు.

బిగించేటప్పుడు ఖర్చు తక్కువా ఫలితం ఎక్కువా ఉండేవి క్రాంకు ఆయిల్ సీళ్లు (క్రాంకు రెండు పక్కలా గాలీ నూనే చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు). పాతవి ఎంత మెత్తగా కనబడినా పారేయండి. కొత్త బేరింగు కూర్చోవలసిన కేసింగును వేడిచేసి, క్రాంకును రాత్రంతా ఫ్రిజ్జు పై అరలో, అంటే ఫ్రీజరులో, ఉంచితే రెండూ సుత్తి లేకుండానే కలుస్తాయి. ఇంట్లోవారికి ముందే చెప్పి పెట్టడం మంచిది. పిస్టను మీది బాణం గుర్తు సైలెన్సరు పోర్టు వైపు ఉండాలి, లాకులు కొత్తవే వేయాలి, వేసేటప్పుడు క్రాంకు గది నోట్లో గుడ్డ కుక్కాలి. ప్లగ్గు గ్యాపు 0.6, మాగ్నెట్ లోపలి కాంటాక్టు పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. గేరు ఆయిలు ఎస్‌ఏఈ 30 రకం, లెవెల్ రంధ్రం నుంచి పొర్లేదాకా. వరద నీరు ట్యాంకులోకీ వెళ్లి ఉంటుంది కాబట్టి అది కడగకుండా పెట్రోలు పోయవద్దు. మొదటి రెండు ట్యాంకులకు లీటరుకు 30 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు, తరవాత 20. మొదటి 500 కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా నడపండి.

ప్రశ్న: నాది 1990ల నాటి రెండు స్ట్రోకుల స్కూటరు. మే నెలలో గుంటూరు నుంచి విజయవాడ వస్తుండగా హైవే మీద వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. అరగంట ఆగాక కిక్ కొడితే స్టార్టయింది, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఇంకా విప్పాలా?
— గుంటూరు పాఠకురాలు

జవాబు: విప్పాలండీ. వేడికి ఉబ్బిన పిస్టను బోరును రాసుకుని, తన అల్యూమినియాన్ని దాని మీద పులిమి ఉంటుంది. చల్లారి మళ్లీ తిరిగినంత మాత్రాన ఆ మరక పోదు. కేసింగు విడదీయనక్కరలేదు, హెడ్డూ బ్లాకూ తీసి చూస్తే చాలు. మరక పలచగా ఉంటే నూనెలో తడిపిన సన్నని ఎమరీ కాగితంతో అడ్డంగా రుద్ది తీయవచ్చు. రింగులు గాడిలో స్వేచ్ఛగా కదలాలి. కొత్త రింగును బోరులో పెట్టి ఫీలర్ గేజీతో కొలిస్తే కొసల మధ్య 0.2 నుంచి 0.35 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

అంతకన్నా ముఖ్యం, ఎందుకు పట్టేసిందో తెలుసుకోవడం. ఆయిలు కలపడం మరిచారా, బ్లాకు మీది గాలి కవరు ఎప్పుడైనా తీసేశారా, దాని లోపల రెక్కల మధ్య మట్టి నిండిందా చూడండి. ఇవేవీ కాకపోతే మాగ్నెట్ వైపు ఆయిల్ సీలును అనుమానించాలి. అది గట్టిపడితే అక్కడి నుంచి గాలి లోనికి చొరబడి, మిశ్రమం పలచనై, ఇంజను కాగిపోతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను చప్పుడు వెంటనే తగ్గకుండా కాసేపు అలాగే అరుస్తుంటే దోషం దాదాపుగా అదే. రెండో వైపు, అంటే క్లచ్ వైపు, సీలు పోతే గుర్తు వేరు: తెల్లటి పొగ వస్తుంది, గేరు ఆయిలు తగ్గిపోతుంది. దారిలో బండి అకారణంగా బరువెక్కినట్టు అనిపించిన క్షణమే క్లచ్ పట్టేయడం అలవాటు చేసుకోండి. చక్రం బిగిశాక పట్టేలోపు పడిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా పాత స్కూటరు కేసింగు పగిలింది. ఆటోనగర్‌లో పాత కేసింగు సగం ఒకటి దొరుకుతోంది, వేసుకోవచ్చా?
— విజయవాడ నుంచి మరొకరు

జవాబు: ఒక్క సగం కొనవద్దు. రెండు సగాలనూ కంపెనీలో కలిపి బిగించాకే బేరింగు గూళ్లు కోస్తారు, కాబట్టి వేరే ఇంజను సగం జత కలిసినట్టు కనిపించినా క్రాంకు బిగుసుగా తిరుగుతుంది. పైగా ఇంజను నంబరు కేసింగు మీదే గుద్ది ఉంటుంది. అది ఆర్‌సీలోని నంబరుతో కలవకపోతే ఐదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో అడ్డం తగులుతుంది. పగులు బేరింగు గూటిలో కాకపోతే ఆర్గాన్ వెల్డింగుతో అతుకుతుంది. వెల్డింగుకు ఇచ్చేముందు కేసింగులో పీల్చుకున్న నూనె పూర్తిగా పోయేలా రెండు మూడుసార్లు కడిగి, కాచి ఆరబెట్టండి, లేకపోతే అతుకు బుడగలు పడుతుంది.