యానాం విలీనంలో కేవల్ సింగ్ పాత్ర ఎంత? పరీక్షలో ఎలా రాయాలి?

ద్వారకానగర్‌లో ఉంటూ గ్రూప్-1కి చదువుతున్నవారు అడిగారు: "ఫ్రెంచి పాలన పోవడానికి ముఖ్య కారణం పుదుచ్చేరిలోని మన కాన్సుల్ జనరల్ (దౌత్య ప్రతినిధి) కేవల్ సింగ్ అని రాయొచ్చా?"

అలా రాయకండి. పాలన పోవడానికి కారణాలు వేరు. అది ఏ దారిన, ఏ కాగితం మీద పోవాలో తేల్చింది మాత్రం కేవల్ సింగ్ లాంటి దౌత్యవేత్తలు. ఈ రెండూ విడదీసి రాస్తేనే జవాబు నిలబడుతుంది.

ఒత్తిడి సంగతి క్లుప్తంగా చాలు. 1954 మే 7న వియత్నాంలో ఫ్రెంచి సైనిక స్థావరం దియన్ బియన్ ఫూ పడిపోయింది, వలసలు నిలుపుకునే ఫ్రాన్స్ బలం సన్నగిల్లింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపిన ఉద్యమంతో యానాం ఫ్రెంచివారి చేయి దాటిపోయింది. అదే వారంలో పారిస్‌లో, వలసల విషయంలో రాజీకి సిద్ధపడ్డ మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యాడు.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1946 ఫ్రెంచి రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అక్కడి జనం సమ్మతి లేకుండా భూభాగం వదులుకోకూడదు. బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో 1949లో రిఫరెండం (ప్రజల ఓటు) జరిగింది కానీ, యానాం కూడా కలిసిన పుదుచ్చేరి వైపు దాని షరతుల దగ్గరే మాటలు ఆగిపోయాయి. చివరికి జనం బదులు వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులతో ఓటు వేయించారు. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరు గ్రామంలో 178 మంది ప్రతినిధుల్లో 170 మంది విలీనం కోరారు, 8 మంది వద్దన్నారు. చాలామంది దీన్ని ప్రజలందరి ఓటుగా రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది పాలననీ సార్వభౌమత్వాన్నీ వేరుచేయడం. అక్టోబరు 21 ఒప్పందంతో నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది, కేవల్ సింగ్ చీఫ్ కమిషనర్ అయ్యారు. సార్వభౌమత్వపు ఒప్పందం మీద నెహ్రూ, ఫ్రెంచి రాయబారి ఓస్త్రోరోగ్ 1956 మే 28న సంతకాలు చేశారు. ఫ్రాన్స్ ఆమోదం రావడానికి దాని మరో వలస అల్జీరియా స్వతంత్రం అయ్యేదాకా పట్టింది; 1962 ఆగస్టు 16న ఆమోద పత్రాలు మార్చుకున్నారు. అందుకే "1954లో వాస్తవ బదిలీ, 1962లో చట్టబద్ధ బదిలీ" అని రెండు తేదీలూ రాయాలి.

పోలికకి పోర్చుగల్ చేతిలో ఉన్న గోవా తీసుకోండి. పోర్చుగల్ నియంత సలజార్ ససేమిరా అన్నాడు, 1953లో లిస్బన్‌లోని మన దౌత్య కార్యాలయం మూసేశాం, 1961 డిసెంబరులో సైన్యం వెళ్లాల్సి వచ్చింది. అవతలివాడు మాట్లాడటానికి కూర్చోకపోతే ఎంత నేర్పున్న దౌత్యవేత్తయినా ఏం చేయగలడు?

1956 ఒప్పందాన్ని స్వయంగా చదవండి. పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలల గడువు, ఎన్నికైన ప్రతినిధులు వద్దనేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందన్న 28వ అధికరణం, ఈ రెండూ ఉదహరించండి.