చేసి చూపించమని అడుగు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఇళ్లలో ఏమిస్తున్నారో, మందులు ఎక్కడ పెడుతున్నారో తెలుసుకోవడానికి నువ్వు జాలరిపేటలో సర్వే చేయబోతున్నావని అన్నయ్య చెప్పాడు. నర్సు ఉద్యోగమంటే మొహం ముడుచుకునే పిల్లవు, చివరికి నా దారికే వచ్చావని మురిసిపోయాను గాని, నువ్వు పంపిన ప్రశ్నపత్రం చదివాక కుదురుగా కూర్చోలేకపోయాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం వంటివి మీ గైడుగారు చూసుకుంటారు. తెల్లవారుజామున ఆడవాళ్లు చేపల కోసం ఫిషింగ్ హార్బరుకు వెళ్తారు కనుక మధ్యాహ్నం వెళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, నువ్వు తల్లిని అడిగిన ప్రశ్నకు తండ్రి జవాబు చెబుతాడు.

విరేచనాల్లో ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి నింపడానికి నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొడి గురించి నీ ఆరో ప్రశ్న, 'ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో తెలుసా?' అన్నది, ముప్పై ఏళ్ల క్రితం నేనూ అడిగాను. ఒక తల్లి తడుముకోకుండా 'లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్టు' అంది. సంతోషంగా టిక్కు పెట్టుకుని పక్కింటికి వెళ్లిపోయాను. రెండు రోజుల తరువాత అదే వీధిలో ఆమె కనిపించి, పిల్లవాడు ఎంత తాగినా ఇంకా దాహమంటున్నాడని, మగతగా పడి ఉన్నాడని చెప్పింది. లోపలికి వెళ్లి చూద్దును కదా, స్టీలు గ్లాసు అడుగున కరగని పొడి పేరుకుని ఉంది. పలచగా ఉంటే బలం రాదని, లీటరుకు వేయవలసిన ప్యాకెట్టు మొత్తం ఆ గ్లాసులోనే కలిపింది. అంత ఉప్పు ఒంట్లోకి వెళితే రక్తంలో సోడియం పెరిగి, మెదడు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. మగత, ఫిట్స్ అందువల్లనే వస్తాయి. పిల్లవాడు ఆసుపత్రిలో కోలుకున్నాడు. ఆమె నాకు అబద్ధం చెప్పలేదమ్మా, నేను నేర్పిన మాటే నాకు అప్పజెప్పింది. ఆమె చేయి ఏం చేస్తోందో చూడకపోవడం నా తప్పు. నా ఫారంలో మాత్రం ఆ ఇల్లు 'తెలుసు' అన్న గడిలోనే ఉండిపోయింది.

అందుకే ఆ ప్రశ్న కొట్టేసి, 'మీ ఇంట్లో ఎలా కలుపుతారో చూపించండమ్మా' అని రాయి. దుకాణాల్లో లీటరుకు సరిపోయే పెద్ద ప్యాకెట్టూ, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్నదీ రెండూ దొరుకుతాయి; రెండూ వెంట తీసుకెళ్లు. వాళ్ల చెంబులో ఎన్ని నీళ్లు పడతాయో నీ లీటరు సీసాతో కొలువు. తప్పు కలిపితే నవ్వకు, అక్కడే సరిగ్గా కలిపి చూపించు, 24 గంటలు దాటితే పారబోయమను. సర్వే పాడవుతుందని మీ వాళ్లంటే, తప్పు నీళ్లు చూసి నోరు మూసుకుని వచ్చే సర్వే నాకొద్దని అత్తయ్య అందని చెప్పు.

ఇంకొకటి, ఇది నా పిచ్చి భయం అనుకున్నా సరే. కూల్‌డ్రింకు సీసాల్లో కిరోసిను పోసి పొయ్యి పక్కన పెట్టారేమో ప్రతి ఇంట్లోనూ చూడు. పిల్లలు తాగేస్తే వాంతి చేయించకూడదు, కిరోసిను ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమను.

ఆదివారం భోజనానికి రా, మొదటి ఫారం నా మీదే నింపు. గ్లాసూ చెంబూ సిద్ధంగా పెడతాను; ప్యాకెట్లు నువ్వు తీసుకురా.

నీ అత్తయ్య