అంకణాలను చదరపు మీటర్లుగా మార్చి దాస్తే చాలా?

ప్రశ్న: ఇళ్ల స్థలాల దస్తావేజుల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నాను. విస్తీర్ణం కొన్నింట్లో అంకణాల్లో, కొన్నింట్లో సెంట్లలో, మరికొన్నింట్లో చదరపు గజాల్లో ఉంటోంది. అన్నిటినీ చదరపు మీటర్లలోకి మార్చి, డేటాబేస్‌లో ఆ ఒక్క అంకెనే ఉంచితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సరిపోదు. వెతకడానికి, కూడడానికి, రెండు స్థలాలను పోల్చడానికి చదరపు మీటర్ల అంకె కావలసిందే. అయితే దస్తావేజులో రాసిన అంకెను, దాని కొలమానాన్ని ఉన్నవి ఉన్నట్టుగా వేరే కాలమ్‌లలో భద్రపరచి, చదరపు మీటర్లను వాటి నుంచి లెక్కగట్టిన విలువగా మాత్రమే చూడాలి.

సెంటు అంటే సుమారు 40.4686 చదరపు మీటర్లు. 5 సెంట్లు 202.343 అవుతాయి. దాన్ని 202గా సవరించి దాస్తే, తర్వాత సెంట్లలో చూపమన్నప్పుడు 4.99 అని వస్తుంది. దస్తావేజులో 5 సెంట్లని స్పష్టంగా ఉండగా కొన్నవారి చేతికి తక్కువ చూపే కాగితం ఇవ్వడం అన్యాయం.

అంకణం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తిరుపతి, చిత్తూరు వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, నాయుడుపేట 2022లో తిరుపతి జిల్లాలో చేరాయి కనుక, మీ దగ్గరికి వచ్చే దస్తావేజుల్లో రెండు రకాల అంకణాలూ ఉండవచ్చు. 10 అంకణాల తిరుపతి స్థలాన్ని పొరపాటున నెల్లూరు లెక్కన మార్చి, అసలు అంకెను వదిలేస్తే, 360 చదరపు అడుగులు 720 అయిపోతాయి. ఆ తప్పును పట్టుకునే ఆధారమేదీ డేటాబేస్‌లో మిగలదు. అసలు అంకె ఉంటే మళ్లీ లెక్కగట్టుకోవచ్చు.

అందువల్ల కొలమానాల పట్టికలో తిరుపతి అంకణానికి, నెల్లూరు అంకణానికి వేర్వేరు వరుసలు పెట్టి, ఒక్కొక్కదాని పక్కన మార్పిడి గుణకం (ఒక అంకణానికి ఎన్ని చదరపు మీటర్లో) రాయండి. ఏ అంకణమో దస్తావేజును బట్టి తెలియకపోతే ఊహించి నింపవద్దు. నాలుగు వైపుల కొలతలు రాసి ఉండి, స్థలం దీర్ఘచతురస్రమైతే పొడవు, వెడల్పులను గుణించి తేల్చండి, అప్పటిదాకా చదరపు మీటర్ల గడి ఖాళీగానే ఉండనివ్వండి. అసలు అంకెల కాలమ్‌కు ఫ్లోట్ (దశాంశాలను సుమారుగా దాచే) రకం కాక డెసిమల్ (రాసిన అంకెలను ఉన్నట్టే దాచే) రకం ఎంచుకోండి, ఫ్లోట్‌లో 0.1 వంటి చిన్న దశాంశం కూడా కచ్చితంగా నిలవదు.